బండికి ప్రార్థన చేస్తాం, ముందు పాలసీ చూపించండి

మన సంఘాల్లో ఎవరైనా కారు కొంటే షోరూమ్ నుంచి నేరుగా మందిరం దగ్గరికి వస్తారు. నిమ్మకాయలు తొక్కించరు, కొబ్బరికాయ కొట్టరు. తాళాలు పాస్టర్ చేతిలో పెట్టి, కుటుంబమంతా బండి చుట్టూ నిలబడి తలలు వంచుతారు. మేము బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తాం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తోడుండమంటాం. ఆమేన్ అంటారు. స్వీట్లు పంచుతారు. వెనక అద్దం మీద వాక్యం స్టిక్కర్ అంటిస్తారు.

ఇన్నేళ్లలో ఇలాంటి ప్రార్థనలు ఎన్ని చేశామో లెక్క లేదు. ఒక్కసారి కూడా, ఒక్కరిని కూడా, "ఈ బండి ఎవరినైనా గుద్దితే వాళ్ల గతేమిటి?" అని అడగలేదు. లోపల కూర్చున్నవాళ్ల క్షేమం కోసమే ప్రార్థించాం. రోడ్డు మీద నడిచేవాళ్లు మా ప్రార్థనలోకి రాలేదు. ఈ వ్యాసం మొదట మా మీద మేము వేసుకుంటున్న నేరారోపణ. ఆ తర్వాత మీ మీద.

పావగడ తాలూకా అరసికెరెలో ఒక తమ్ముడు ఈమధ్య సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. వాళ్ల ఇంట్లో అదే మొదటి కారు. సరిహద్దు దాటి హిందూపురం వైపు నుంచి తెచ్చుకున్నాడు. మాకు ఫోన్ చేశాడు.

"వందనాలు అయ్యగారూ. ఆదివారం ఆరాధన అయినాక బండికి ప్రార్థన చేయాల."

"చాలా సంతోషం నాయనా. ఇన్సూరెన్స్ ఏది కట్టినావు?"

"అదే చూస్తాండా అయ్యగారూ. ఫోన్లో పది కంపెనీలు వస్తాండాయి. ఏది తక్కువుంటే అది కొట్టేస్తా. పోలీసోళ్లు ఆపితే చూపించేదానికే కదా!"

పక్కనే వాళ్ల పెదనాన్న ఉన్నట్టున్నాడు. ఫోన్లోనే ఆయన మాట వినపడింది: "దేవుడు కాపాడతా ఉంటే ఇన్సూరెన్సు ఎందుకురా? అది అవిశ్వాసం కాదా?"

ఆ ఇద్దరి మాటల్లో మన క్రైస్తవ సమాజం మొత్తం కనిపించింది మాకు. ఒకరికి బీమా అంటే పోలీసుకు చూపించే కాగితం. ఇంకొకరికి అది విశ్వాసం లేనివాళ్ల పని. ఇద్దరూ పొరుగువాణ్ణి మరిచిపోయారు.

అడగాల్సిన ప్రశ్న అది కాదు

"ఏ కంపెనీది తక్కువ?" అని అడిగే ప్రతి తమ్ముడికీ, చెల్లికీ ముందు ఒక సంగతి చెప్పాలి. కారు బీమాలో రెండు భాగాలుంటాయి. మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి సంబంధించింది థర్డ్ పార్టీ. మన బండికి జరిగే నష్టానికి సంబంధించింది ఓన్ డ్యామేజ్. రెండూ కలిసి ఉన్నదాన్ని ప్యాకేజీ అనీ, కాంప్రిహెన్సివ్ అనీ అంటారు.

థర్డ్ పార్టీ ధరను కంపెనీలు నిర్ణయించవు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 1000 సీసీ దాటని సొంత కారుకు ఏడాదికి రూ. 2,094. 1000 నుంచి 1500 సీసీ వరకు రూ. 3,416. ఆ పైన రూ. 7,897. దాని మీద 18 శాతం జీఎస్టీ. ప్రభుత్వ కంపెనీ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా, యాప్‌లో కొన్నా, ఏజెంటు దగ్గర కొన్నా ఇదే ధర.

అంటే పొరుగువాడి కోసం కట్టే డబ్బులో బేరం లేదు. బేరమంతా మన బండి, మన బంపర్, మన అద్దం గురించే. చిన్న కారుకు ఆ థర్డ్ పార్టీ ఖర్చు జీఎస్టీతో కలిపి రోజుకు ఏడు రూపాయల లోపే. పావగడ బస్టాండులో ఒక టీ ధర కూడా అంత ఉంటుంది. ఆ ఏడు రూపాయల దగ్గర మన విశ్వాసం, మన న్యాయం, మన పొరుగు ప్రేమ అన్నీ ఆగిపోతున్నాయి. దేశంలో తిరిగే వాహనాల్లో ఇంచుమించు సగానికి బీమా లేదు. ఆ సగంలో స్టిక్కర్లు అంటించిన మన బండ్లు లేవని ఏ పాస్టర్ అయినా గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలడా?

"దేవుడే మా ఇన్సూరెన్స్"

ఈ మాట వినడానికి ఎంతో ఆత్మీయంగా ఉంటుంది. కానీ వాక్యంతో పరీక్షిస్తే నిలబడదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం చదవండి. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని అక్కడ ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుందని హెచ్చరిక ఉంది. ఇంటాయన భక్తిపరుడా, ఉదయం సాయంత్రం ప్రార్థన చేస్తాడా అని దేవుడు అడగలేదు. గోడ కట్టాడా లేదా అనే అడిగాడు. నిర్గమకాండము 21లో పొడిచే ఎద్దు గురించి, మూత వేయని గొయ్యి గురించి ఉన్న చట్టాలూ ఇవే చెబుతున్నాయి. నీ ఆస్తి ఇంకొకరికి హాని చేస్తే ఆ నష్టం నీదే. ఎద్దుకు పొడిచే గుణం ఉందని తెలిసీ కట్టెయ్యకపోతే దోషం ఇంకా పెద్దది. ఈ కాలంలో ఎనభై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే ఎద్దు మన కారే. దానికి పొడిచే గుణం ఉందని తెలియదనే హక్కు ఎవరికీ లేదు. 2022 ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కేవలం నడిచి వెళ్తున్నవాళ్లు. వాళ్లకు బండి లేదు, బానెట్ లేదు, దాని మీద ప్రార్థన చేసిన పాస్టర్ లేడు.

మత్తయి సువార్త 4వ అధ్యాయంలో దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు అన్నది ఎవరు? సాతాను. అది కూడా వాక్యం ఎత్తి చూపించే చెప్పాడు. యేసు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నాడు. కాబట్టి చేయగలిగిన జాగ్రత్త చేయకుండా దేవుడి మీద భారం వేయడం విశ్వాసం కాదు. అందులోనూ మనం దూకుతున్నది మన ప్రాణంతో కాదు, రోడ్డు పక్క మేకలు తోలుకుపోయే అవ్వ ప్రాణంతో.

ఒక చిన్న చరిత్ర. బీమాను అవిశ్వాసం అనేవాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, లెక్క ప్రకారం నడిచిన తొలి బీమా నిధుల్లో ఒకటి పాస్టర్లే పెట్టారు. 1744లో స్కాట్లాండ్ సంఘంలో రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు సేవకులు, చనిపోయిన సేవకుల భార్యాబిడ్డల కోసం ఒక నిధి ఏర్పాటు చేశారు. ఏడాదికి ఎంతమంది చనిపోతారు, ఎంతమంది విధవరాండ్రు మిగులుతారు, ఎంత కట్టించుకుంటే నిధి నిలబడుతుంది అని లెక్క కట్టారు. వాళ్లు దేవుణ్ణి నమ్మలేదని అనగలమా? ఒకరి భారాన్ని ఒకరు మోయాలన్న గలతీ పత్రిక మాటకు వాళ్లు లెక్క కట్టి ఆచరణ రూపం ఇచ్చారు.

చట్టం అడిగిన ప్రశ్న, లూకా అడిగిన ప్రశ్న

1932లో బ్రిటన్‌లో డొనహ్యూ కేసు తీర్పు ఇస్తూ లార్డ్ అట్కిన్ అనే న్యాయమూర్తి, నా పొరుగువాడు ఎవడు అన్న ప్రశ్ననే చట్టంలోకి తెచ్చాడు. మన పని వల్ల ఎవరికి హాని జరగవచ్చని ముందే ఊహించగలమో వాళ్లందరూ మన పొరుగువాళ్లే అన్నది ఆ తీర్పు సారాంశం. లూకా 10లో ధర్మశాస్త్ర పండితుడు యేసును అడిగిన ప్రశ్న అది. నిర్లక్ష్యం వల్ల జరిగే నష్టానికి బాధ్యత ఎవరిదన్న చట్టమంతా ఇప్పుడు ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలోని తప్పనిసరి బీమా అధ్యాయం 1946 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడున్న 1988 చట్టంలో 146వ సెక్షన్ అదే చెబుతుంది. థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఎక్కిస్తే 196వ సెక్షన్ కింద మొదటిసారి రూ. 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే రూ. 4,000. మన తమ్ముళ్లకు తెలిసింది ఈ జరిమానా ఒక్కటే. ఆ చట్టం వెనక ఉన్న గాయపడిన మనిషి కనపడడం లేదు.

ఆ మనిషి వైపు నుంచి చూడండి. బీమా ఉంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ పరిహారం నిర్ణయిస్తుంది, కంపెనీ కడుతుంది. చనిపోయినా, గాయపడినా థర్డ్ పార్టీ పరిహారానికి కంపెనీ బాధ్యతకు పరిమితి లేదు. లైసెన్సు లేనివాడు నడిపినా సరే, కంపెనీ ముందు బాధితుడికి కట్టి ఆ తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టు ఆదేశించవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారి చూపింది. బీమా లేకపోతే? పరిహారం బండి యజమాని నెత్తిన పడుతుంది. రెండెకరాల మెట్ట భూమి ఉన్నవాడు ఇరవై లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడు? తేలేడు. తీర్పు కాగితం మీదే ఉండిపోతుంది. ఇటు ఒక కుటుంబం, అటు ఒక కుటుంబం, రెండూ నాశనం.

గుద్ది పారిపోవడం ఎందుకు జరుగుతుంది? జనం కొడతారన్న భయం ఒకటి. చేతిలో కాగితం లేదన్న భయం ఇంకొకటి. గుద్దిన బండి దొరకకపోతే చనిపోయినవారి కుటుంబానికి ప్రభుత్వ పథకం కింద రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు మాత్రమే వస్తాయి. మంచి సమరయుడి కథ చదివేటప్పుడు మనమంతా సమరయుడి వేషం వేసుకుంటాం. కాగితం లేక పారిపోయినవాడు ఆ కథలో యాజకుడు కూడా కాదు, లేవీయుడు కూడా కాదు. వాడు దొంగల వరుసలో నిలబడతాడు.

పాలసీలో లేని మనుషులు

ఇప్పటిదాకా బీమా తీసుకోనివాళ్లతో మాట్లాడాం. ఇక తీసుకొని, అంతా అయిపోయిందని అనుకునేవాళ్లతో.

సొంత కారుకు థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కట్టి, ఆదివారం నలుగురు విశ్వాసుల్ని ఎక్కించుకొని మందిరానికి తీసుకెళ్తున్నారా? ఆ నలుగురు ఆ పాలసీలో లేరు. రోడ్డు మీద నడిచేవాడు థర్డ్ పార్టీ. మీ కారులో కూర్చున్న అవ్వ థర్డ్ పార్టీ కాదు. కారులో కూర్చున్నవాళ్లకు వర్తించేది ప్యాకేజీ పాలసీ. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. ఈ తేడా తెలియక మేము కూడా ఏళ్ల తరబడి చవక పాలసీ మీద సంఘస్థుల్ని ఎక్కించుకొని కూటాలకు తిరిగాం. ఏ ప్రమాదమూ జరగలేదు. అందుకు దేవునికి స్తోత్రం చెప్పాం. అది మా జాగ్రత్త కాదు, ఆయన కృప. ఆ కృపను సాకుగా వాడుకునే హక్కు మాకు లేదు.

తెల్ల బోర్డు కారును కిరాయికి తిప్పేవాళ్లు మన యువకుల్లో చాలామంది ఉన్నారు. "కంతు కట్టాల కదా అయ్యగారూ" అంటారు. కష్టం మాకు తెలుసు. కానీ సొంత అవసరానికి అని కట్టిన పాలసీలో కిరాయికి తిప్పకూడదని రాసి ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజు కంపెనీ చేతులెత్తేయడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

ఇంకా బాధాకరమైంది సరుకు వాహనాల సంగతి. శనగ పీకే కాలం వస్తే మన మాల మాదిగ పల్లెల నుంచి ఆడవాళ్లను గూడ్స్ ఆటోల్లో, ట్రాక్టర్ ట్రాలీల్లో ఎక్కించుకుపోతారు. పెళ్లికి అదే బండి, సువార్త కూటానికి అదే బండి. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి పరిహారం కట్టే బాధ్యత బీమా కంపెనీకి లేదని ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండి యజమాని దగ్గర పనిచేసే హమాలీల సంగతి, సరుకు యజమాని సంగతి వేరు. కూలికి పోయే అక్క మాత్రం ఆ లెక్కలో లేదు. బండికి బీమా ఉంటుంది, బండిలోని బస్తాకు యజమాని ఉంటాడు, బస్తా మీద కూర్చున్న మనిషికి ఎవరూ ఉండరు.

మన తుమకూరు జిల్లాలో ఏం జరిగిందో మరిచిపోయామా? 2022 మార్చి 19న వై.ఎన్. హొసకోట నుంచి పావగడకు వస్తున్న ప్రైవేటు బస్సు పళవళ్లి కట్ట దగ్గర బోల్తా పడింది. చదువుకోవడానికి బయల్దేరిన పిల్లలు చనిపోయారు. చాలినన్ని బస్సులు లేక జనం టాప్ మీద కూడా ఎక్కే దారి అది. అదే సంవత్సరం ఆగస్టు 25న తెల్లవారుజామున శిరా తాలూకాలో లారీ, కూలీల వాహనం ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు రాయచూరు నుంచి బెంగళూరుకు పని కోసం పోతున్న కూలీలు. రెండు ప్రమాదాల్లోనూ పోయింది సొంత కారు లేనివాళ్ల ప్రాణాలే.

మన తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల పదమూడు వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. పట్టా ఉన్న రైతుకు ఎకరాకు ఏడాదికి రూ. 21,000 కౌలుతో మొదలైంది. భూమి లేని కూలీకి ఆ పొలంలో ఉన్న పని పోయింది. కౌలు వచ్చిన ఇంటికి కారు వస్తుంది. పని పోయిన ఇంటి మనిషి కూలి వెతుక్కుంటూ ఇంకా దూరం, ఇంకా ఇరుకైన బండిలో పోతుంది. ఒకే రోడ్డు మీద ఆ ఇద్దరూ ఎదురుపడతారు. మన సంఘంలో ఇద్దరూ ఉన్నారు. బీమా గురించి మాట్లాడేటప్పుడు ఈ ఇద్దరి మధ్య ఉన్న న్యాయం గురించి మాట్లాడకపోతే మనది సువార్త కాదు.

ఇక కంపెనీ సంగతి

పొరుగువాడి సంగతి తేలిన తర్వాతే కంపెనీల పోలిక. అది కూడా తెలివిగా చేయాలి. మొదటిసారి కొనే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మేము చెప్పేది ఇది.

షోరూమ్ వాడు చెప్పిన పాలసీనే తీసుకోవాలని ఎక్కడా లేదు. అతనికి అందులో కమీషన్ ఉంటుంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలన్నది మాత్రం 2018 సెప్టెంబరు 1 నుంచి ఉన్న నియమం. ఏ కంపెనీలో కట్టాలన్నది మీ ఇష్టం.

ప్రీమియం పోల్చే ముందు ఐడీవీ పోల్చండి. కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ట మొత్తం అది. ఒక కంపెనీ నాలుగు లక్షల ఐడీవీ చూపించి, ఇంకొకటి మూడు లక్షల ఇరవై వేలు చూపిస్తే రెండోదాని ప్రీమియం తక్కువగానే కనిపిస్తుంది. అది చవక కాదు, మీకు రావాల్సిన ఎనభై వేలు ముందే తీసేసుకోవడం.

కారు విడిభాగాలకు తరుగుదల కోత ఉంటుంది. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకు సగం డబ్బే వస్తుంది. ఈ కోత వద్దనుకుంటే జీరో డిప్రిసియేషన్ అదనంగా కట్టాలి. కొత్త కారుకు అది మేలు, పదేళ్ల పాత కారుకు అనవసరం. ఏజెంటు రాసిన ప్రతి అదనపు రక్షణకూ తల ఊపకండి.

దగ్గర్లో ఏ గ్యారేజీతో కంపెనీకి క్యాష్‌లెస్ ఒప్పందం ఉందో అడగండి. బెంగళూరులో వందల గ్యారేజీలున్నా పావగడ, మధుగిరి, హిందూపురం, తుమకూరుల్లో ఒక్కటీ లేకపోతే అరసికెరె మనిషికి ఆ జాబితా ఎందుకు?

ప్రభుత్వ కంపెనీలు నాలుగు: న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్. 1973లో 107 కంపెనీలను జాతీయం చేసి ఈ నాలుగింటి కిందికి తెచ్చారు. ప్రభుత్వానివి కాబట్టి అన్నీ ఒకటే అనుకోకండి. వీటిలో మూడింటి ఆర్థిక బలం నియమించిన 1.5 సాల్వెన్సీ నిష్పత్తి కంటే కిందికి పడిపోయి ప్రభుత్వం మూలధనం పోయాల్సి వచ్చింది. ప్రైవేటువి కాబట్టి వేగం అనీ అనుకోకండి. ఏ కంపెనీ క్లెయిములు ఎంత చెల్లిస్తోంది, ఫిర్యాదులు ఎన్ని వస్తున్నాయి అన్నది ఐఆర్‌డీఏఐ వార్షిక నివేదికలో ఉంటుంది. ఆ సంస్థ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ప్రకటన చూసి కాదు, ఆ లెక్క చూసి ఎంచుకోండి.

అబద్ధం చెప్పకండి. క్లెయిము చేసి కూడా చేయలేదని చెప్పి నో క్లెయిమ్ బోనస్ తీసుకోవడం మన వాళ్లకు చిన్న తెలివిలా కనిపిస్తుంది. అది దొంగసాక్ష్యం. రేపు క్లెయిము పోవడానికీ అదే కారణమవుతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? కొన్న 14 రోజుల్లోపు పాలసీని మీ పేరుకు మార్చమని కంపెనీకి అర్జీ పెట్టండి. పాత యజమాని పేరు మీద ఉన్న పాలసీ చూసి ధైర్యపడకండి. మీ కారు డొక్కు అయితే ఆ పేరు మీకు ఒక్క రూపాయి తెచ్చిపెట్టదు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ కూడా అతనిదే, మీకు రాదు. ఆంధ్ర నంబరు బండిని కర్ణాటకలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి.

కంపెనీ అన్యాయంగా క్లెయిము కొట్టేస్తే ఏడ్చి ఊరుకోకండి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. కర్ణాటకవాళ్లకు బెంగళూరులో, ఆంధ్ర, తెలంగాణ వాళ్లకు హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. యాభై లక్షల వరకు తీర్పు ఇవ్వగలదు. ఐఆర్‌డీఏఐ ఉచిత నంబరు 155255.

వాళ్లను కూడా వదలం

తప్పంతా సామాన్యుడిదే అని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. ఏడున్నర టన్నుల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే రూ. 16,049. వాయిదాల మీద చిన్న బండి కొనుక్కొని బతికే మనిషికి అది నెల సంపాదన. అంత కట్టినా దాని మీద ఎక్కిన కూలీకి రక్షణ లేదు. కూలీలు సరుకు బండి ఎక్కేది సరదాకు కాదు. పల్లెకు బస్సు రాదు కాబట్టి, మేస్త్రీ పంపించిన బండి అదే కాబట్టి. బస్సు వేయని ప్రభుత్వం, బండి ఎక్కితే పరిహారం లేదని చెప్పే చట్టం, వాటి మధ్య నలిగేది కూలీ. ఈ చట్టాన్ని మార్చమని అడగడం రాజకీయం అంటే, అవును, రాజకీయమే. ఆమోసు చేసిందీ అదే. కూలీలను తీసుకెళ్లే బండికి ప్రయాణికుల బీమా కట్టే బాధ్యత పనికి పిలిచినవాడి మీద పెట్టాలి. పల్లెలకు ఉదయం, సాయంత్రం బస్సు నడపాలి. ఈ రెండూ మన ఎమ్మెల్యేలను, పంచాయతీలను అడగవలసినవి.

పాలసీ కాగితం సంగతి ఇంకొకటి. పావగడ మనిషి ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో కన్నడ చదువుతాడు, పాలసీ మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. సంతకం పెట్టించుకునే షరతు సంతకం పెట్టేవాడికి అర్థం కాకపోతే అది ఒప్పందం కాదు, మోసానికి దగ్గరి చుట్టం. మనకు అర్థమయ్యే భాషలో చెప్పమని ప్రతిసారీ అడగండి. చెప్పకపోతే కొనకండి.

సంఘాలు ఏం చేయాలి

మా వరకు మేము ఒక నిర్ణయం తీసుకున్నాం. పాలసీ చూడకుండా ఏ బండికీ ప్రార్థన చేయం. పది మందిని ఎక్కించుకొని తిరిగే బండి అయితే ప్యాకేజీ పాలసీ ఉందా అని అడుగుతాం. ఉంటే బానెట్ మీద చెయ్యి వేసి, ముందు రోడ్డు మీద నడిచేవాళ్ల కోసం, తర్వాత బండిలోవాళ్ల కోసం ప్రార్థిస్తాం. సరుకు బండిలో జనాన్ని కూటానికి తీసుకురమ్మని ఇక పిలవం. జనం తగ్గితే తగ్గనివ్వండి. ఆరాధనకు వచ్చే దారిలో ఒక తల్లి పడిపోతే ఆ రక్తం ఎవరి మిద్దె మీద ఉంటుంది?

సంఘం కానుకలతో పాస్టర్‌కు కారు కొనిచ్చేవాళ్లకు ఒక మాట. పాలసీ డబ్బు కూడా ఆ కానుకలోనే లెక్క వేయండి. ప్రీమియం ఒకేసారి కట్టలేని పేద బండి యజమానులకు సంఘ నిధి నుంచి వడ్డీ లేని అప్పు ఇవ్వండి, నెల నెలా తీర్చుకోనివ్వండి. యువజన కూటంలో ఒక ఆదివారం అందరి ఆర్.సి.లు, పాలసీలు, లైసెన్సులు తెప్పించి తేదీలు చూడండి. బైబిల్ క్విజ్ ఒక వారం ఆగినా ఫరవాలేదు.

ప్రమాదం చూస్తే పారిపోకండి. సాయం చేసినవాణ్ణి కేసులో ఇరికించకుండా 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేయించే పథకం కూడా ఉంది. ఆసుపత్రిలో అడగండి, అడిగించండి. పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సిన కుటుంబం మీ సంఘంలో ఉంటే ఆలస్యం చేయనివ్వకండి, ఆరు నెలల్లోపే కేసు వేయించండి. దహన సంస్కారానికో సమాధికో వెళ్లి పాట పాడి వచ్చేయడంతో మన పని అయిపోలేదు.

సమరయుడు చేసింది గుర్తు చేసుకోండి. గాయాలు కట్టాడు, తన గాడిద మీద ఎక్కించాడు. అంతటితో ఆగలేదు. పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ముందే ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. ముందే కొంత కట్టి, రాబోయే ఖర్చుకు తానే పూచీ పడ్డాడు. ముక్కూ మొహం తెలియని ఒక మనిషి కోసం పడిన పూచీ అది.

అరసికెరె తమ్ముడు ఆ తర్వాతి ఆదివారం వచ్చాడు. ప్యాకేజీ పాలసీ, తన పేరు మీద, చేతిలో కాగితం పట్టుకొని వచ్చాడు. "తక్కువది కాదు అయ్యగారూ, మూడోది. మధుగిరిలో గ్యారేజీ ఉన్నది" అన్నాడు. పెదనాన్న కూడా వచ్చాడు. ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో రోడ్డున పొయ్యేటోళ్లు కూడా ఉన్నారా?" అని అడిగాడు. ఉన్నారని చెప్పాం.

"అయితే వాళ్ల కోసం కూడా ప్రార్థన చెయ్యండి" అన్నాడు.

చేశాం.